పది రోజులు, ఐదు చర్చిలు, 41 గొంతులు: జర్మనీలో ఒక విద్యార్థి క్వయర్ పర్యటన, కేస్ స్టడీ

ఈ కేసు అమెరికాలోని ఒక విశ్వవిద్యాలయపు విద్యార్థి క్వయర్‌కు సంబంధించినది. సెమిస్టర్ పరీక్షలు ముగిసిన తర్వాత, మే నెలాఖరులో, 41 మంది విద్యార్థులు, వారిని పాడించే గురువు, గొట్టాల్లో గాలితో పలికే ఆర్గన్ వాద్యాన్ని వాయించే ఒక అధ్యాపకురాలు, విశ్వవిద్యాలయం తరఫున బాధ్యత తీసుకున్న ఇద్దరు ఉద్యోగులు, మొత్తం 45 మంది బెర్లిన్‌లో దిగి, పదో రోజున ఫ్రాంక్‌ఫర్ట్‌లో తిరుగు విమానం ఎక్కారు. ఈ మధ్యలో ఐదు చోట్ల పాడారు, మిగిలిన సమయంలో చూడవలసినవి చూశారు. నేను లైప్‌జిగ్‌లో ఉంటూ పదకొండేళ్లుగా సంగీత బృందాల పర్యటనలు నడిపే పనిలో ఉన్నాను. ఈ పర్యటన పథకం తయారుచేసిందీ, మొదటి రోజు నుంచి చివరి దాకా వెంట ఉన్నదీ నేనే కాబట్టి, ఇందులో జరిగిన పొరపాట్లలో రెండు పూర్తిగా నావే.

వివరాల్లోకి వెళ్లే ముందు ఒక మాట గురించి చెప్పాలి. క్వయర్‌ను పాడించే వ్యక్తిని ఇంగ్లీషులో కండక్టర్ అంటారు. అయితే బస్సు కూడా ఉన్న కథనంలో ఆ మాట వాడితే మన పాఠకులకు భుజాన టికెట్ల సంచి వేసుకున్న మనిషి కనిపిస్తాడు. అందువల్ల మన చర్చిల్లో వాడుకలో ఉన్న 'క్వయర్ మాస్టర్' అనే మాటనే వాడుతున్నాను.

మొదట వచ్చిన పథకం

విశ్వవిద్యాలయం నుంచి నాకు మొదట వచ్చింది పథకం కాదు, ఒక జాబితా. అందులో చూడవలసిన స్థలాలు 23 ఉన్నాయి. కచేరీలను వాటి మధ్య ఖాళీల్లో సర్దారు. నా వృత్తిలో తరచుగా ఎదురయ్యే సమస్యే ఇది. మామూలు యాత్రికుల బృందానికి సాయంత్రం అలసట వస్తే రాత్రి నిద్రతో తీరిపోతుంది. పాడే బృందానికి మాత్రం అసలు పని మొదలయ్యేదే సాయంత్రం ఏడున్నరకు. రోజంతా రాళ్లు పరిచిన వీధుల్లో నడిచి, బస్సు ఇంజను హోరును మించి కబుర్లు చెప్పుకొని, నీళ్లు తాగడం మరచిపోయి, ఎండుగాలిలో తిరిగి వచ్చిన గొంతు ఏడున్నరకు ఏం పలుకుతుందో ఊహించడం కష్టం కాదు.

అందుకని నేను ప్రతి కచేరీ రోజునూ సాయంత్రం నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ వస్తాను. ఏడున్నరకు కచేరీ అయితే ఆరున్నరకు దుస్తులు మార్చుకోవాలి. ఆరింటికి తేలికపాటి తిండి ఉండాలి. నాలుగింటికి ఆ చర్చిలోనే రిహార్సల్ మొదలవ్వాలి. దానికి ముందు గంటన్నర ఎవరూ మాట్లాడకుండా గదిలో పడుకోవాలి. అంటే ఊరు చూడటం మధ్యాహ్నం ఒంటిగంటకు, మహా అయితే ఒంటిగంటన్నరకు ముగియాలి. ఈ లెక్క చూపించి ఆ జాబితాను 23 నుంచి 11కు తగ్గించాను. క్వయర్ మాస్టర్ వెంటనే ఒప్పుకున్నారు. ప్రయాణ ఖర్చుకు తగినన్ని స్థలాలు చూపించాలన్న పట్టుదల ఉన్న ఉద్యోగులను ఒప్పించడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాల బేరంలో నేను ఒకచోట మెత్తబడ్డాను. దాని ఫలితం ఏడో రోజున అనుభవించాం.

వీసా విషయంలో పెద్ద సంస్థలు కూడా మరిచిపోయే సంగతి ఒకటి ఉంది. అమెరికా పాస్‌పోర్టు ఉన్నవారు, ఒకే వీసా చెల్లే యూరప్‌లోని షెంగెన్ దేశాల్లో 180 రోజుల్లో 90 రోజుల వరకు వీసా లేకుండా ఉండవచ్చు కాబట్టి, విశ్వవిద్యాలయం కార్యాలయం వీసా గురించి ఆలోచించనే ఆలోచించదు. కానీ ప్రతి క్వయర్‌లోనూ ఇద్దరో ముగ్గురో విదేశీ విద్యార్థులు ఉంటారు. ఈ క్వయర్‌లో ఉన్న ముగ్గురిలో ఒకరు వరంగల్ నుంచి మాస్టర్స్ చదవడానికి వెళ్లిన అమ్మాయి, ఆల్టో గొంతు, అంటే స్త్రీల గొంతుల్లో కింది స్థాయిది. షెంగెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు, కనీసం 15 రోజుల ముందు చేసి తీరాలి, 30,000 యూరోల వైద్య ఖర్చులకు సరిపడే బీమా చూపాలి. అసలు చిక్కు తిరుగు ప్రయాణంలో ఉంటుంది. అమెరికా విద్యార్థి వీసా స్టాంపు గడువు మిగిలి ఉండాలి, విశ్వవిద్యాలయం ఇచ్చే ఐ-20 పత్రం మీద ప్రయాణ అనుమతి సంతకం ఏడాది లోపుది అయి ఉండాలి. డిసెంబరులో ఈ వివరాలు చెప్పడానికి ఫోన్ చేసినప్పుడు, నా పేరు విని తెలుగులోకి మారిపోయి, "అక్కా, స్టాంపు గడువు ఏప్రిల్‌కే అయిపోతుంది, నేను ఇక రానట్టేనా?" అని అడిగింది. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు స్టాంపు కొత్తది వేయించుకుని, ఫిబ్రవరిలో షెంగెన్ అపాయింట్‌మెంటు తీసుకుంది. జనవరిలో అడిగి ఉంటే నిజంగానే రాలేకపోయేది.

బెర్లిన్ నుంచి లైప్‌జిగ్ దాకా

అమెరికా మధ్య రాష్ట్రాల సమయానికీ జర్మనీ సమయానికీ వేసవిలో ఏడు గంటల తేడా ఉంటుంది. అందువల్ల బెర్లిన్‌లో మొదటి రెండు రోజులూ పాట పెట్టలేదు. మొదటి రోజు సాయంత్రం దాకా ఎవరినీ నిద్రపోనివ్వకుండా నడిపించాం. రెండో రోజు, నాజీలు చంపిన యూదుల జ్ఞాపకార్థం 2,700కు పైగా కాంక్రీటు దిమ్మెలతో కట్టిన స్మారకాన్ని, యుద్ధంలో విరిగిన శిఖరాన్ని అలాగే ఉంచి పక్కన 1961లో నీలి గాజు పలకలతో కొత్త ఆరాధనాలయం కట్టిన కైజర్ విల్‌హెల్మ్ చర్చినీ చూశారు. ఆ నీలి వెలుతురులో కూర్చున్న విద్యార్థులు పాడతామని గోల చేశారు. వద్దన్నాను. నిద్ర చాలని గొంతుతో పాడితే ఆ రోజు బాగానే ఉంటుంది, మూడో రోజు బొంగురు వస్తుంది.

మూడో రోజు శనివారం. లైప్‌జిగ్‌లోని థామస్ చర్చిలో శుక్రవారం సాయంత్రం ఆరింటికి, శనివారం మధ్యాహ్నం మూడింటికి మోటెట్ అనే సంగీతారాధన జరుగుతుంది. 1212 నుంచి కొనసాగుతున్న థామస్ బాలుర క్వయర్ పాడే కార్యక్రమం అది. స్వరకర్త బాఖ్ 1723 నుంచి 1750లో చనిపోయేదాకా ఆ బాలురకు గురువుగా ఉన్న చోటు కాబట్టి, క్వయర్ పర్యటనలో దీన్ని వదులుకోకూడదన్నది నా గట్టి అభిప్రాయం. ఆ మధ్యాహ్నం మూడింటి సమయమే మిగిలిన రోజును నిర్ణయించింది. పొద్దున్నే బెర్లిన్ నుంచి బయల్దేరి, విటెన్‌బెర్గ్‌లో, ప్రొటెస్టెంట్ ఉద్యమానికి నాంది పలికిన మార్టిన్ లూథర్ 1517లో తన 95 వాదాలను ప్రకటించాడని చెప్పే కోట చర్చి ద్వారం చూసి, అక్కడే మరొక చర్చిలో ఇరవై నిమిషాలు పాడి, బస్సులోనే శాండ్‌విచ్‌లు తిని, ఒంటిగంటన్నరకు లైప్‌జిగ్ చేరాం. విటెన్‌బెర్గ్ ద్వారం దగ్గర, పాత చెక్క తలుపులు 1760లో కాలిపోయాయనీ, ఇప్పుడున్నవి 1858లో పెట్టిన కంచు తలుపులనీ చెప్పినప్పుడు ఫొటోలు తీసుకుంటున్నవారిలో సగం మంది ఫోన్లు దించేశారు. గైడ్‌గా నాకు ఇది అలవాటే.

మోటెట్ తర్వాత బాఖ్ సమాధి పలక చుట్టూ నిలబడ్డారు. ఆయన అస్థికలు అక్కడ సమాధిలో ఉన్నది 1950 నుంచి మాత్రమే. చర్చి బయటికి వస్తే, అక్కడికి దగ్గరలోనే మెండెల్‌సోన్ విగ్రహం ఉంది. యూదు కుటుంబంలో పుట్టి, చిన్నతనంలోనే క్రైస్తవ బాప్తిస్మం పొంది, లైప్‌జిగ్‌లో 1843లో సంగీత విద్యాలయం స్థాపించి, 1847లో ఆ ఊళ్లోనే చనిపోయిన స్వరకర్త ఆయన. పాత విగ్రహాన్ని 1936లో నాజీలు తొలగించారు. ఇప్పుడున్నది 2008లో నిలిపిన ప్రతిరూపం. మా క్వయర్ ఆయన 1831లో రాసిన శాంతి ప్రార్థనను కార్యక్రమంలో పెట్టుకుంది. "ప్రభువా, మా దినములలో మాకు సమాధానము దయచేయుము" అని అర్థం వచ్చే లూథర్ మాటలకు ఆయన కట్టిన స్వరం అది. ఈ పాట తర్వాత రెండుసార్లు మా ముందుకు వస్తుంది.

ఖాళీ చర్చి, నిండిన చర్చి, డ్రైవర్ గడియారం

నాలుగో రోజు సాయంత్రం లైప్‌జిగ్‌లో ఒక పెద్ద రాతి చర్చిలో పూర్తి స్థాయి కచేరీ. రిహార్సల్‌కు లోపలికి రాగానే క్వయర్ మాస్టర్ మెట్ల మీద నిలబడి ఒక్కసారి చప్పట్లు కొట్టి, చేతి గడియారం చూసుకున్నారు. ఆ చప్పుడు ఆరిపోవడానికి దాదాపు ఐదు సెకన్లు పట్టింది. వీరు ఏడాది పొడవునా సాధన చేసిన హాలులో అది ఒకటిన్నర సెకను కూడా ఉండదు. అంటే అక్కడ విడివిడిగా వినబడిన స్వరాలు ఇక్కడ ఒకదాని మీద ఒకటి పడి కలిసిపోతాయి. క్వయర్ ఎనిమిది భాగాలుగా చీలి పాడే బాఖ్ మోటెట్‌లో (భక్తి గీతాన్ని కూడా మోటెట్ అంటారు) వేగంగా పరిగెత్తే వరుసలు మొదటిసారి పాడినప్పుడు నిజంగానే కలిపిన పిండిలా వినిపించాయి.

ఆయన చేసిన మార్పులు మూడు. లోపలి వేదిక నుంచి క్వయర్‌ను శ్రోతల వరుసలకు దగ్గరగా మెట్ల మీదికి జరిపారు. బాస్ గొంతులను, అంటే పురుషుల్లో కింది స్థాయి గొంతులను, తగ్గించి, ప్రతి స్వరాన్నీ కొంచెం కత్తిరించి పాడించారు. వేగం మాత్రం ఆయన అనుకున్నంత తగ్గించవద్దని నేనే అడ్డుపడ్డాను. ఎందుకంటే ఖాళీ చర్చి వేరు, నిండిన చర్చి వేరు. మూడు వందల మంది కోట్లు, స్వెట్టర్లతో వచ్చి కూర్చుంటే ప్రతిధ్వనిలో కొంత భాగాన్ని వాళ్లే మింగేస్తారు. రిహార్సల్‌లో సరిపోయిన నెమ్మది కచేరీలో ఈడ్చినట్లు ఉంటుంది. ఇది పుస్తకాల్లో ఉన్న విషయమే గాని, ఖాళీ చర్చిలో నిలబడి వింటున్నప్పుడు నమ్మడం కష్టం.

మొదటి పాట ముగిశాక ఎవరూ చప్పట్లు కొట్టలేదు. రెండో పాట తర్వాతా కొట్టలేదు. జర్మనీ చర్చి కచేరీల్లో చివరిదాకా మౌనంగా ఉండి, అంతా అయ్యాక ఒక్కసారే చప్పట్లు కొట్టడం చాలాచోట్ల పద్ధతి. నేను ఆ విషయం బస్సులో చెప్పాను గాని, వినడం వేరు, ఆ మౌనాన్ని ఎదుర్కోవడం వేరు. ముందు వరుసలో ఉన్న ఒక సొప్రానో (స్త్రీల పై స్థాయి గొంతు) పక్కనున్న అమ్మాయి వైపు కళ్లు పెద్దవి చేసి చూడటం నాకు స్తంభం పక్క నుంచి కనిపించింది. చివర్లో చప్పట్లు నాలుగు నిమిషాలు ఆగలేదు. ప్రవేశం ఉచితం. వెళ్లేటప్పుడు ద్వారం దగ్గర బుట్టలో ఎవరికి తోచింది వారు వేస్తారు.

ఆ రాత్రి చర్చివారు విందు ఇచ్చారు. ఇక్కడే బస్సు సంగతి వస్తుంది. యూరప్ నిబంధనల ప్రకారం బస్సు డ్రైవర్ రోజుకు సాధారణంగా తొమ్మిది గంటలకు మించి నడపకూడదు. నాలుగున్నర గంటలు నడిపితే 45 నిమిషాలు ఆగాలి. రెండు రోజుల పనికి మధ్య మామూలుగా 11 గంటల విశ్రాంతి ఉండాలి. బండిలోని టాకోగ్రాఫ్ యంత్రం ప్రతి నిమిషాన్నీ నమోదు చేస్తుంది, బతిమాలితే వినే యంత్రం కాదది. విందు పదింబావుకు ముగిసి, బస్సు హోటల్‌కు పది నలభైకి చేరితే, మర్నాడు తొమ్మిది నలభై దాకా బస్సు కదలకూడదు. మా మర్నాటి బయల్దేరే సమయం ఎనిమిదిన్నర. అందువల్ల మధ్యాహ్నమే పిల్లలను, దుస్తుల పెట్టెలను చర్చి దగ్గర దించేసి, డ్రైవర్‌ను సాయంత్రం ఆరులోపు వదిలేశాం. విద్యార్థులు రాత్రి ట్రామ్‌లో హోటల్‌కు వచ్చారు. కచేరీ నల్లదుస్తుల్లో 41 మంది ట్రామ్ ఎక్కేసరికి ఎవరో అంత్యక్రియల నుంచి వస్తున్నారేమోనని ఒక పెద్దాయన టోపీ తీశాడు.

అర శృతి ఎక్కువ పలికిన ఆర్గన్

ఐదో రోజు కచేరీ డ్రెస్డెన్‌కు దగ్గరలోని ఒక చిన్న పట్టణంలో, 1700ల నాటి ఆర్గన్ ఉన్న చర్చిలో. నా మొదటి పొరపాటు ఇక్కడే.

ఇప్పటి ప్రమాణం ప్రకారం 'ఎ' స్వరం సెకనుకు 440 కంపనాలు. ఆ ప్రాంతమైన సాక్సనీలోని పాత ఆర్గన్లలో చాలావాటిలో అదే మెట్టు 460 నుంచి 470 మధ్య పలుకుతుంది. మన లెక్కలో చెప్పాలంటే దాదాపు అర శృతి ఎక్కువ, అంటే ఒకటి శృతిలో పాడేవారికి ఒకటిన్నర ఇచ్చినట్లు. దీనికి తోడు గొట్టాల్లోని గాలి వేడెక్కితే శృతి పెరుగుతుంది, చల్లబడితే తగ్గుతుంది. ఒక్కో డిగ్రీకి 440 దగ్గర సుమారు 0.8 కంపనాల తేడా వస్తుంది. ఇవన్నీ తెలిసినదాన్నే కాబట్టి, చర్చికి పంపిన ఫారంలో 'మీ ఆర్గన్ శృతి ఎంత?' అని అడిగాను. '440' అని జవాబు వచ్చింది. జవాబు నిజమే. అయితే అది వేదిక పక్కన చక్రాల మీద ఉండే చిన్న పెట్టె ఆర్గన్ గురించి. వెనుక బాల్కనీలో ఉన్న పెద్ద పాత ఆర్గన్ గురించి నేను విడిగా అడగలేదు, వాళ్లు విడిగా చెప్పలేదు. మా అధ్యాపకురాలు సాధన చేసి వచ్చింది పెద్ద దాని కోసం.

మధ్యాహ్నం రిహార్సల్‌లో మెండెల్‌సోన్ శాంతి ప్రార్థన మొదలుపెట్టారు. మొదట బాస్ గొంతులు ఒంటరిగా ప్రవేశించే పాట అది. వాళ్లు ఆర్గన్ ఇచ్చిన శృతినే పట్టుకుని బాగానే పాడారు. మొత్తం క్వయర్ కలిసే మూడో చరణానికి వచ్చేసరికి సొప్రానోల మెడలు బిగుసుకోవడం దూరం నుంచే తెలిసింది. శృతి చూసే యాప్‌లో చూస్తే 465 దగ్గర ఉంది. పెళ్లి కచేరీల్లో మన కీబోర్డు కళాకారుడైతే ట్రాన్స్‌పోజ్ బటన్ ఒకసారి నొక్కేస్తాడు, పని అయిపోతుంది. మూడు వందల ఏళ్ల నాటి ఆర్గన్‌కు అలాంటి బటన్ ఉండదు, వాయించేవారే ప్రతి స్వరాన్నీ ఒక మెట్టు కిందికి దించి వాయించాలి. మా అధ్యాపకురాలు నిజాయితీగా, అలవాటు లేని మెట్లు, అలవాటు లేని కాలి పెడళ్ల మీద రెండు గంటల్లో అది తన వల్ల కాదని చెప్పేశారు.

ఆ చర్చిలో ఆదివారాలు వాయించే ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు తలుపు దగ్గర నిలబడి ఇదంతా వింటున్నారు. నోట్స్ తీసుకుని, కళ్లజోడు తుడుచుకుని, ఈ-ఫ్లాట్‌లో ఉన్న పాటను డి మేజర్‌లో చూస్తూ చూస్తూనే వాయించారు. ఆ పాత ఆర్గన్ మీద ఆయన జీవితమంతా చేసిన పని అదే. పాత ఆర్గన్లలో పన్నెండు మెట్ల మధ్య దూరాలు సమానంగా ఉండవు. కొన్ని శృతులు తీయగా, కొన్ని కరుకుగా పలుకుతాయి. డి మేజర్ తీయగా పలికే వాటిలో ఒకటి కావడం మా అదృష్టం. సాయంత్రం ఆయనే వాయించారు. ఇప్పుడు నా ఫారంలో ఒక్క ప్రశ్న స్థానంలో మూడు ఉన్నాయి: చర్చిలో ఎన్ని ఆర్గన్లున్నాయి, ఒక్కొక్కదాని శృతి ఎంత, ఆ శృతి ఏ ఉష్ణోగ్రత దగ్గర కొలిచారు.

ఆరో రోజు డ్రెస్డెన్‌లో కచేరీ లేదు, బస్సు కూడా కదలలేదు. డ్రైవర్‌కు వారపు విశ్రాంతి, గొంతులకూ విశ్రాంతి. 1945 ఫిబ్రవరి బాంబు దాడుల్లో కూలి, తిరిగి కట్టి 2005 అక్టోబరులో ప్రతిష్ఠించిన ఫ్రావెన్‌కిర్షె చర్చి గోడల్లో నల్లగా ఉన్నవి పాత రాళ్లని చెప్తే ఆ తర్వాత అందరూ వాటినే వెతుకుతూ నడిచారు.

ఏడో రోజు

ముందు చెప్పిన మూడు వారాల బేరంలో నేను ఒప్పుకున్నది ఇది: డ్రెస్డెన్ నుంచి ఎర్‌ఫుర్ట్ వెళ్లే రోజున, దారిలోనే ఉంది కాబట్టి, మధ్యాహ్నం బుఖెన్‌వాల్డ్ స్మారకం చూసి, సాయంత్రం ఎర్‌ఫుర్ట్‌లో కచేరీ చేయడం. మ్యాపులో చూస్తే ఇంతకన్నా సహజమైన మార్గం లేదు. వైమార్ ఊరి నుంచి ఎనిమిది కిలోమీటర్లు, రహదారి నుంచి పెద్దగా తప్పుకోనక్కర్లేదు, సమయం సరిపోతుంది. గంటల లెక్క సరిగ్గానే వేశాను.

1937లో ఎటర్స్‌బెర్గ్ గుట్ట మీద నాజీలు తెరిచిన ఆ నిర్బంధ శిబిరంలో సుమారు 56,000 మంది చనిపోయారు. గేటు మీది గడియారం ఇప్పటికీ మూడుంబావు దగ్గరే ఆగి ఉంటుంది. 1945 ఏప్రిల్ 11న శిబిరం విముక్తి పొందిన సమయానికి గుర్తు అది. హాజరు పిలిచే మైదానంలో నేల మట్టంగా ఒక లోహ ఫలకం ఉంది. 1995లో పెట్టిన ఆ ఫలకాన్ని ఏడాది పొడవునా 37 డిగ్రీల వేడిలో, అంటే మనిషి ఒంటి వేడిలో ఉంచుతారు. చలికాలంలో దాని మీద మంచు నిలవదు. ఆ రోజు గుట్ట మీద గాలి చలిగా ఉంది. మా బాస్ గొంతుల్లో అందరికన్నా పొడుగరి, బస్సులో ఎప్పుడూ అల్లరి చేసే కుర్రవాడు, మోకాళ్ల మీద కూర్చుని దాని మీద అరచెయ్యి పెట్టాడు. గైడ్ ముందుకు సాగింది, బృందం సాగింది, అతను అలాగే ఉన్నాడు. కాసేపటికి నేను వెనక్కి వెళ్లి భుజం తట్టాల్సి వచ్చింది.

బస్సులో నలభై నిమిషాలు ఎవరూ మాట్లాడలేదు. గదుల్లో విశ్రాంతి గంటన్నర ఇచ్చాం గాని ఎవరూ పడుకోలేదు. ఏడున్నరకు మొదటి పాట, ఉత్సాహంగా సాగే ఒక స్తుతి మోటెట్. వాద్యం లేకుండా పాడుతున్న క్వయర్ రెండో పేజీకే కిందికి జారడం మొదలైంది, ముగిసేసరికి దాదాపు అర శృతి దిగిపోయింది. అలసిన గొంతు శృతి జారుతుందని అందరికీ తెలుసు. ఏడుపు ఆపుకుంటున్న గొంతు ఇంకా త్వరగా జారుతుంది, ఎందుకంటే ఊపిరి పైపైనే ఉంటుంది, లోపలికి దిగదు. మూడో పాటలో ఒక ఆల్టో, తర్వాత ఒక టెనర్ (పురుషుల పై స్థాయి గొంతు) పక్కకు వచ్చి కూర్చున్నారు.

విరామంలో క్వయర్ మాస్టర్ మిగిలిన కార్యక్రమంలో నుంచి వేగమైన పాటలు నాలుగింటిని తీసేశారు. శ్రోతలకు ఏమీ వివరించలేదు. చివరి పాటగా మెండెల్‌సోన్ శాంతి ప్రార్థనను పెట్టారు. ఆర్గన్ ఆధునికమైనది కావడంతో శృతి సమస్య లేదు. ముందు రోజుల్లో సొంపుగా పాడిన పాటే అయినా ఆ రాత్రి బాస్ ప్రవేశం దాదాపు మాటల్లా వచ్చింది. విగ్రహం తీసేసిన సంగతి, ఫలకం వేడి, ఆ పాట మాటలు వాళ్లకు ఎలా కలిశాయో నేను అడగలేదు.

పర్యటన తర్వాత పంపిన అభిప్రాయ పత్రాల్లో విద్యార్థుల్లో ఎక్కువమంది ఎర్‌ఫుర్ట్ కచేరీనే గొప్పదని రాశారు. విశ్వవిద్యాలయం ఉద్యోగులు అందుకని వచ్చే ఏడాదీ అదే క్రమం ఉంచమన్నారు. నేను ఒప్పుకోలేదు. పక్కకు వచ్చి కూర్చున్న ఇద్దరిలో టెనర్ మర్నాడు అల్పాహారానికి రాలేదు. అతని తాతగారి కుటుంబం పోలండ్ నుంచి వచ్చిందని అప్పుడు తెలిసింది. టికెట్టు కొని కాకపోయినా వినడానికి వచ్చిన ఎర్‌ఫుర్ట్ శ్రోతలకు సగం కచేరీయే దక్కింది. అలాంటి స్థలం చూసిన రోజు సాయంత్రం ఖాళీగా ఉండాలి. కూర్చుని మాట్లాడుకోవడానికి ఒక గది, అందుకు ఒక మనిషి ఉండాలి. ఇప్పుడు నా పథకాల్లో ఆ సాయంత్రానికి ఏమీ పెట్టను, దాని కోసం మరొక స్థలం పోయినా సరే.

ఐజెనాఖ్

ఎనిమిదో రోజు గురువారం, క్రీస్తు ఆరోహణ దినం. జర్మనీ అంతటా సెలవు, దుకాణాలు దాదాపు అన్నీ మూసేస్తారు. ముందు రోజు నీళ్లు, మందులు కొనిపెట్టుకోవాలని చెప్పాను గాని ముందు రోజు ఎవరూ కొనే స్థితిలో లేరు. గొంతు మాత్రలకు, నీళ్లకు ఎర్‌ఫుర్ట్ రైల్వే స్టేషన్‌లోని దుకాణాలే దిక్కయ్యాయి. ఆ మధ్యాహ్నమే ఐజెనాఖ్ చేరి, లూథర్ 1521–22లో తలదాచుకుని కొత్త నిబంధనను జర్మన్‌లోకి అనువదించిన వార్ట్‌బుర్గ్ కోట ఎక్కారు. బస్సు కిందే ఆగిపోతుంది, పైకి నిటారు నడక. కచేరీ రోజున పెట్టకూడని నడక కాబట్టే గురువారం పెట్టాను.

తొమ్మిదో రోజు పొద్దున బాఖ్ మ్యూజియం చూశారు. ఆయన 1685లో పుట్టింది ఈ ఊళ్లోనే. అక్కడ పాత కీబోర్డు వాద్యాలను వాయించి వినిపిస్తారు, అందుకే పాడే విద్యార్థులు మిగతా మ్యూజియాల కంటే అక్కడ ఎక్కువసేపు నిలబడతారు. సాయంత్రం స్థానిక క్వయర్‌తో కలిసి చివరి కచేరీ. ఈ రెండు రాత్రులూ హోటల్ లేదు, విద్యార్థులు ఇద్దరేసి చొప్పున ఆ క్వయర్ సభ్యుల ఇళ్లలో ఉన్నారు. జర్మనీ క్వయర్ల మధ్య పాతకాలం నుంచి ఉన్న పద్ధతి ఇది. హోటల్ ఖర్చు తగ్గడం ఒక్కటే కారణం కాదు. ఒకే బల్ల దగ్గర తిన్నవాళ్లు మర్నాడు పక్కపక్కన నిలబడి పాడితే ఊపిరి ఒకేసారి తీసుకుంటారు. రెండు క్వయర్లూ కలిసి స్వరకర్త రైన్‌బెర్గర్ రాసిన సాయంకాల గీతం పాడాయి. ఆయన పదిహేనేళ్ల వయసులో మొదటిసారి రాసిన ఆ ఆరు భాగాల పాట జర్మనీలో చాలా క్వయర్లకు కంఠతా వచ్చు, మా విద్యార్థులు మాత్రం నోట్స్ చూసి పాడారు. మొదటి రిహార్సల్‌లోనే స్థానికులు వారి చేతుల్లోని పుస్తకాలను మెల్లగా కిందికి దించారు.

ఇళ్లలో బసకు ముందు ఆహార వివరాలు సేకరించే ఫారం కూడా నాదే. వరంగల్ అమ్మాయి అందులో 'శాకాహారి' అని రాసింది. మొదటి రాత్రి పదింటికి ఫోన్ చేసింది. "అక్కా, ఆంటీ చాలా మంచివాళ్లు, ఆలుగడ్డ సూపు చేశారు, మాంసం లేదన్నారు. అడుగున గులాబీ రంగు ముక్కలు ఉన్నాయి. నేనేం అనలేదు, బ్రెడ్డు తిని లేచాను" అంది. ఆవిడ అబద్ధం చెప్పలేదు. పొగబెట్టిన పంది కొవ్వు ముక్కలను అక్కడ కొందరు మాంసంగా లెక్కపెట్టరు, తాలింపు గింజల్లాగా రుచికి వేసే వస్తువు అది. పొద్దున్నే నేను ఫోన్ చేసి చెప్పేసరికి ఆవిడ కంగారుపడి, ఆ మధ్యాహ్నానికి బంగాళదుంపలు, పెరుగు, సోయాకూర ఆకు (డిల్)తో మరో భోజనం సిద్ధం చేశారు. చివరి రోజు బస్సు దగ్గర ఆ అమ్మాయి ఆవిడ చేతిలో అమ్మ పంపిన కరివేపాకు పొడి డబ్బా పెట్టింది. నా ఫారంలో ఇప్పుడు 'శాకాహారి' అన్న గడి కింద మరో వరుస ఉంది: మాంసం, చేప, మాంసం రసం, పొగబెట్టిన కొవ్వు ముక్కలు, జెలటిన్, ఒక్కొక్కటి విడివిడిగా టిక్కు పెట్టాలి.